పట్టుపురుగు మీద మిరియం చుక్కలు, చెరువులో వాటి చుట్టాలు

మా మేనమామ మల్బరీ తోట పెట్టిన రెండో ఏడాది సంగతి. నల్లగొండకు ఆనుకొని ఉన్న పల్లె వాళ్లది. పురుగులు మూడో జ్వరం దాటాయి. కుబుసం విడిచే ముందు పురుగు మేత మాని కదలకుండా ఉండటాన్ని రైతులు జ్వరం అంటారు. ఒకేరోజు గుడ్డులోంచి వచ్చిన పురుగులే, కానీ ఒకటి చిటికెన వేలంత ఉంటే పక్కది అగ్గిపుల్లంత ఉంది. మా అత్తమ్మ ఆకు వేస్తూ, "ఏంది బిడ్డా ఇది, ఒక్కతీరుగ పెరుగుతలేవు, ఆకు ముడ్తలేవు" అంది. నేనప్పుడు జువాలజీ పీజీ చదువుతున్నాను. ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని వెలుతురులో చూశాను. ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు.

మర్నాడు కాలేజీ ల్యాబులో ఆ పురుగును నలిపి, ఒక చుక్క రసాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టాను. వడ్లగింజ ఆకారంలో, నూనె రాసినట్టు మెరిసే గింజలు వందల్లో కనిపించాయి. ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు 250వ వంతు పొడవు. షెడ్డులో ఉన్న పురుగులన్నిటినీ తగలబెట్టక తప్పలేదు. గుడ్లు పరీక్ష చేయించకుండా ఎవరో అమ్మితే మామ కొన్నవి. అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

ఆ రోగం పేరు పెబ్రిన్. ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతపు మాటలో మిరియానికి ఉన్న పేరు నుంచే వచ్చింది. 1853లో ఫ్రాన్స్‌లో 2.6 కోట్ల కిలోల పట్టుగూళ్లు పండితే, ఈ రోగం దెబ్బకు 1865 నాటికి అది 40 లక్షల కిలోలకు పడిపోయింది. ఆ ఏడాదే లూయీ పాశ్చర్ అలేస్ పట్టణానికి వెళ్లాడు. అంతకుముందు ఆయనకు పట్టుపురుగుల గురించి ఏమీ తెలియదు. మొదట్లో ఆ మెరిసే గింజలు రోగం వల్ల పుట్టినవే తప్ప రోగకారకం కాదనుకున్నాడు. కొన్నేళ్లు పట్టింది ఆ పొరపాటు దిద్దుకోవడానికి. ఆ పని మధ్యలోనే 1868లో పక్షవాతం వచ్చినా మానలేదు. చివరికి రెండు సంగతులు తేల్చాడు. రోగం ఆకు మీద పడిన మలం ద్వారా ఒక పురుగు నుంచి ఇంకో పురుగుకు పోతుంది, తల్లి నుంచి గుడ్డులోకీ పోతుంది. అందుకని గుడ్లు పెట్టిన ప్రతి తల్లి పురుగునూ నలిపి చూడాలి, గింజ కనిపిస్తే ఆ గుడ్లు పారేయాలి. మన దేశంలో గుడ్ల కేంద్రాల్లో ఈ రోజుకీ తల్లి పురుగులను నలిపి చూస్తారు. 2006లో కేంద్ర సిల్క్ బోర్డు చట్టాన్ని సవరించి గుడ్ల నాణ్యతను చట్టం కిందికి తెచ్చారు. గద్వాల చీర అంచు దాకా, పోచంపల్లి మగ్గం దాకా పట్టు వెనక ఈ పరీక్ష ఉంది.

రోగాన్ని ఆపే దారి 1870 నాటికే దొరికింది. ఆ గింజ అసలు ఏ జాతి ప్రాణి అన్నది తేలడానికి మాత్రం ఇంకో నూటనలభై ఏళ్లు పట్టింది. నన్ను పట్టుకొని వదలని కథ ఇదే.

1857లో నేగెలి అనే శాస్త్రవేత్త దీనికి నోసెమా బాంబిసిస్ అని పేరు పెట్టి, అప్పట్లో బాక్టీరియానూ ఈస్టునూ కలిపి ఉంచిన గుంపులో వేశాడు. 1882లో బాల్బియాని అక్కడి నుంచి తీసి మైక్రోస్పోరిడియా అనే కొత్త గుంపు కట్టి, ఏకకణ పరాన్నజీవుల పక్కన చేర్చాడు. మలేరియా క్రిమి కూడా ఆ వరుసలోదే. అక్కడ ఇది వందేళ్లు కూర్చుంది. 1983లో కావలియర్-స్మిత్ అనే జీవశాస్త్రవేత్త ఇంకో మెట్టు వెనక్కి తీసుకెళ్లాడు. దీని కణంలో మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగం, కనిపించదు కాబట్టి, మైటోకాండ్రియా పుట్టకముందు నాటి అతి ప్రాచీన ప్రాణుల్లో ఇదొకటి కావచ్చు అన్నాడు. 1987లో వచ్చిన తొలి జన్యు పోలికలు కూడా అదే నిజమన్నట్టు అనిపించాయి.

అది నిజం కాదు. 1996, 97ల్లో వేరే జన్యువులు చూస్తే ఇది బూజు కుటుంబానికి, అంటే శిలీంధ్రాలకు దగ్గరగా తేలింది. 2002లో దాని కణంలో చిన్న సంచులు కనిపించాయి. అరిగి అరిగి మిగిలిన మైటోకాండ్రియా అవి. అంటే ఇది మొదటి నుంచీ పేద ప్రాణి కాదు. ఉన్న ఆస్తి అంతా పారేసుకున్న ప్రాణి. ఇంకొకరి కణంలో కూర్చొని, తయారైన శక్తిని అక్కడి నుంచే లాక్కుంటుంటే సొంత పొయ్యి ఎందుకు? 2001లో దీని బంధువు ఒకదాని జన్యుపటం మొత్తం చదివితే సుమారు 2,000 జన్యువులే ఉన్నాయి. మామూలు ఈస్టుకు 6,000 దాకా ఉంటాయి.

దానికి మిగిలిన గొప్ప ఆయుధం ఒకటుంది. గింజలో సన్నటి గొట్టం చుట్టలు చుట్టుకొని ఉంటుంది. సమయం వచ్చినప్పుడు అది రెండు సెకన్లు కూడా పట్టకుండా బయటికి తిరగబడి పక్క కణంలోకి గుచ్చుకుంటుంది. గింజలోని సరుకంతా ఆ గొట్టం గుండా లోపలికి దూరుతుంది. పురుగు పేగులో మేత కరుగుతున్న చోట జరిగే పని ఇది.

సరే, బూజు చుట్టమే. మరి బూజు ఇలా ఎలా మారింది? జవాబు పట్టుపురుగులో దొరకలేదు, చెరువు నీళ్లలో దొరికింది.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి మనుషుల నడుములు వంగిన జిల్లా మాది. కంటికి కనపడనిది నీళ్లలో ఏం చేయగలదో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా ఆ నీళ్లలో బతికే ఏకకణ జీవుల లోపల ఇంకా ఎవరు బతుకుతున్నారో చూసినవాళ్లు తక్కువ. ఐరోపాలో కొందరు మాత్రం ఎప్పుడో చూశారు. 1872లో కొర్ను నీటి బూజుల లోపల రోజెల్లా అనే పరాన్నజీవిని వర్ణించాడు. 1895లో డాంజార్ అమీబా కేంద్రకంలోనే కాపురం పెట్టి దాన్ని తినేసే ఒక ప్రాణికి న్యూక్లియోఫాగా అని పేరు పెట్టాడు. 1897లో కొల్లెరీ, మెనిల్ సముద్రపు పురుగుల పేగుల్లో ఉండే ఏకకణ పరాన్నజీవి లోపల ఇంకో పరాన్నజీవిని చూశారు. దొంగ ఇంట్లో దొంగ పడ్డట్టు. ఇవన్నీ పుస్తకాల్లో ఏ మూలనో ఉండిపోయాయి. వాటిని పెబ్రిన్‌తో కలిపి చూడాలన్న ఆలోచనకు ఆధారం లేకపోయింది.

రోజెల్లా పని తీరు కాస్త దగ్గరి నుంచి చూడాలి. దాని పిల్లకణం ఒక్క తోకతో ఈదుకుంటూ వచ్చి నీటి బూజు గోడ మీద కూర్చుంటుంది. తోక లోపలికి లాక్కొని, గోడకు సన్న రంధ్రం చేస్తుంది. వెనక ఒక నీటి సంచి ఉబ్బి, ముందున్నదంతా లోపలికి నెట్టేస్తుంది. లోపలికి చేరాక దాని ఒంటికి గోడ కూడా ఉండదు. రొట్టె మీద బూజు తిండిని బయటే కరిగించి పీల్చుకుంటుంది కదా, ఇది అలా కాదు. అమీబాలా ముద్ద ముద్దగా మింగుతుంది. అందుకే దీన్ని శిలీంధ్రం అనొచ్చా అన్న వాదన నేటికీ ఉంది. నా మటుకు నాకు, గుంపు పేరు కన్నా ఈ తిండి తీరే ముఖ్యమనిపిస్తుంది.

2011లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ దగ్గర ఒక చిన్న చెరువు నీళ్ల డీఎన్ఏ చదివినవాళ్లు రోజెల్లా చుట్టాలు ఎన్ని రకాలున్నాయో చూసి ఆశ్చర్యపోయారు. ఆ గుంపుకు దాగిన శిలీంధ్రాలు అనే అర్థం వచ్చేలా క్రిప్టోమైకోటా అని పేరు పెట్టారు. 2013లో రోజెల్లా జన్యుపటం వచ్చింది. ఆతిథ్య కణం నుంచి శక్తిని లాక్కునే జన్యువు మైక్రోస్పోరిడియాలో ఎలా ఉందో ఇందులోనూ అలాగే ఉంది. మైటోకాండ్రియా ఉంది, కానీ సగం పనిముట్లు పోయాయి. 2014లో అమీబా కేంద్రకాల్లో పెరిగే పారామైక్రోస్పోరిడియం ఈ రెంటికీ మధ్యలో సర్దుకుంది. దానికి మైటోకాండ్రియా ఇంకా ఉంది, గింజలో గొట్టం పోలిక కూడా ఉంది. మెట్లు ఒక్కొక్కటిగా కనిపించాయి. మా మామ పంటను తినేసిన ప్రాణి పూర్వీకులు ఒకప్పుడు నీళ్లలోని ఏకకణ జీవుల్లో ఉండేవన్న ఊహకు బలం వచ్చింది.

ఈ మైక్రోస్పోరిడియా మనుషుల దాకా కూడా వచ్చాయి. 1985లో ఎయిడ్స్ రోగి పేగుల్లో ఒక రకం దొరికాకే ఈ పరిశోధనలు జోరందుకున్నాయి. వానాకాలంలో బురదనీళ్లు పడి కళ్లెర్రబడే కేసుల్లో మైక్రోస్పోరిడియాను ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు నమోదు చేశారు. బళ్లో పిల్లలకు నులిపురుగుల కోసం ఇచ్చే ఆల్బెండజోల్ వీటిలో చాలా రకాల మీద పనిచేస్తుంది.

ఇప్పుడు నేను డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్తాను. పానగల్లు ఉదయసముద్రం నుంచి సీసాలో నీళ్లు తెచ్చి, ఎండుగడ్డి వేసి వారం నానబెడతాం. స్లైడ్ మీద అమీబా దొరకగానే పిల్లలు గబగబా బొమ్మ గీసి కేంద్రకం, ఆహార రిక్తిక అని రాసేస్తారు. నేనూ అలాగే రాసేవాణ్ని. ఇప్పుడు మాత్రం కేంద్రకంలో మెరిసే గింజలు ఏమైనా ఉన్నాయేమో పెద్ద లెన్స్ పెట్టి ఇంకోసారి చూడమంటాను. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి నన్ను పిలిచి, "సార్, ఈ అమీబా కేంద్రకం ఉబ్బింది, లోపల ఏవో కోలగా ఉన్నయి" అంది. నేను కంటిని లెన్స్‌కు ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాను.