మనస్సాక్షి గురించి మీరడిగిన ప్రశ్న

ప్రియమైన పిల్లలకు,

"నా మనసుకి తప్పనిపించకపోతే చాలు కదా తాతయ్యా, మధ్యలో శ్రీసభ ఎందుకు?" అని అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. వారం నుంచీ అదే ఆలోచన.

మనస్సాక్షి మాట వినమని శ్రీసభే, అంటే మన క్యాథలిక్ చర్చే, చెబుతుంది. మనిషి దేవునితో ఒంటరిగా ఉండే గర్భగుడి అది అని 1965లో రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన సభ, అంది. కానీ మనస్సాక్షిని జోకొట్టి నిద్రపుచ్చడం చాలా తేలిక. నేనే అలా నిద్రపుచ్చాను.

ఉద్యోగం చేసే రోజుల్లో ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం ఒక నెల ఆపేశాను. డబ్బు లేక కాదు. "ఎక్కడికి పోతుందిలే, వచ్చే నెల కలిపి ఇద్దాం" అనుకున్నాను. హాయిగా నిద్రపట్టింది. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునేటప్పుడు, జపమాల మానేశానని, కోప్పడ్డానని చెప్పి, చివర్లో ఈ మాట కూడా అన్నాను. ఫాదర్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ముందు ఇంటికెళ్లి ఆమె డబ్బు ఆమెకిచ్చేయండి" అన్నారు.

బిగపట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని బైబిలులోని యాకోబు లేఖలో ఉంది. 1891లో పదమూడో లియో పోపుగారు 'రేరుం నొవారుం' లేఖలో ఆ వాక్యమే ఎత్తిచూపారు. బతకడానికి సరిపడే జీతం, సంఘం పెట్టుకునే హక్కు కార్మికుడికి దక్కాలన్నారు. ఫోన్‌లో ఆర్డర్ పెట్టగానే పరుగెత్తుకొచ్చే కుర్రాడికి ఆ పరుగుకి ఎంత ముడుతోందో మీరెప్పుడైనా అడిగారా?

ఇక మనస్సాక్షిని నిద్రపోనివ్వని ఫ్రాంజ్ యాగర్‌స్టాటర్ సంగతి. ఆస్ట్రియా రైతు. 1938లో ఆయనకో కల వచ్చింది. కొండ చుట్టూ తిరుగుతూ అందమైన రైలు వస్తోంది, పిల్లలతో సహా జనమంతా ఎగబడుతున్నారు. అది నరకానికి పోతోందని ఒక గొంతు వినిపించింది. ఆ రైలు నాజీలదేనని ఆయనకు అర్థమైంది. హిట్లర్ కోసం యుద్ధం చేయనన్నాడు. భార్యాపిల్లల్ని చూసుకోమని పీఠాధిపతి (బిషప్ గారు) కూడా నచ్చజెప్పారు. అది చిన్న మాట కాదు, ఇంట్లో ముగ్గురు పసిపిల్లలు. ఆయన మొండికేయలేదు. బైబిలు చదివాడు, ప్రార్థించాడు, పెద్దల్ని అడిగాడు, అందరి మాటా విన్నాడు. అంతా విన్నాకా ఆ యుద్ధం చేయడం తప్పుగానే కనిపించింది. 1943 ఆగస్టు 9న నాజీలు ఆయన తల నరికారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ వినడంలోనే ఉంది. మనస్సాక్షికి చదువు చెప్పించాలి, నన్ను ఫాదర్ గారు లేపినట్టు ఎవరో లేపాలి. ఆ తర్వాత నిర్ణయం మాత్రం మనదే, దాని బరువూ మనదే.

ఫ్రాంజ్ భార్య ఫ్రాంజిస్కా ఆ బరువు చాలా ఏళ్లు మోసింది. భర్తని ఆపలేదని ఊళ్లో ఆమెనే తప్పుపట్టారు. 2007లో ఆస్ట్రియాలోని లింజ్ పెద్దగుడిలో ఆయన్ని ధన్యుడిగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించిన రోజు ఆమె అక్కడే ఉంది. అప్పటికి ఆమెకు 94 ఏళ్లు.

మీ తాతయ్య