మిద్దె తోటలో తెగుళ్ళు: అపోహలు – వాస్తవాలు

నర్సరీకి వచ్చే మిద్దె తోటల వాళ్ళు ముందుగా అడిగేది "ఏ మందు కొట్టాలండీ?" అని. నేను ఆకు తెచ్చి చూపించమంటాను. సగం మొక్కలకు మందుతో పనే ఉండదు.

అపోహ: మిరపకు ఆకుముడత వస్తే వైరసే, పీకేయాల్సిందే.

ముడతల్లో తేడా ఉంది. ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగుల పని. కిందికి ముడిచి, కాడ సాగినట్టుంటే నల్లి. లేత కొమ్మను తెల్ల కాగితం మీద తట్టండి. సన్నని గీతల్లా పాకేవి తామర పురుగులు. వాటికి వేపనూనె, నీలిరంగు జిగురు అట్టలు చాలావరకు పనిచేస్తాయి. నల్లిని చూడాలంటే భూతద్దం కావాలి. అది సాలీడు జాతిది కాబట్టి మామూలు పురుగుమందులు చాలావాటికి లొంగదు. పైగా దాన్ని తినే మిత్రపురుగులు చచ్చిపోయి ఇంకా పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా కొట్టండి.

ఆకులు చిన్నవైపోయి, పసుపు తిరిగి, మొక్క గిడసబారితే అప్పుడు వైరస్‌ని అనుమానించాలి. తెల్లదోమ మోసుకొస్తుంది. బెండలో ఈనెలు పసుపెక్కే శంఖు రోగమూ అంతే. ఈ రెంటినీ నయం చేసే మందు లేదు. ఉందని ఎవరైనా అమ్మినా దయచేసి కొనకండి.

అపోహ: మందారం మీద తెల్లగా కనబడేదంతా పిండినల్లే.

ఒక్క నిమిషం ఆగి చూడండి. కదలకుండా గుంపుగా అతుక్కున్నవి పిండినల్లి. వాటి మధ్య ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో, కాస్త పెద్దగా, చురుగ్గా తిరిగేది కనిపిస్తే అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు. దాన్ని నలిపేస్తున్నారని తెలిసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీరు ఆపాల్సింది చీమల్ని. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం అవి దానికి కాపలా కాస్తాయి. ముందు నీటిధారతో కడగండి, తర్వాత లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొట్టండి. మర్నాటికే చావలేదని మోతాదు పెంచితే ఆకులు మాడతాయి. వేప నెమ్మదిగా పనిచేస్తుంది, వారానికోసారి కొట్టాలి.

అపోహ: టమాటా కాయ అడుగు నల్లబడితే పురుగు పట్టినట్టే.

కాదు, కాయకు కాల్షియం అందలేదు. మట్టిలో ఉన్నా, ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచేస్తే కాయదాకా చేరదు. గుడ్డు పెంకులు వేసినా కరగడానికి నెలలు పడుతుంది. నీళ్ళు సమంగా ఇవ్వండి.

అపోహ: ఆకు పసుపైతే నీళ్ళు చాలలేదు.

కుండీల్లో ఎక్కువగా నీళ్ళు ఎక్కువయ్యే అలా అవుతుంది. వేలు రెండంగుళాలు దించి, తడి తగిలితే పోయకండి.

అపోహ: సొర పిందెలు రాలుతుంటే ఎరువు వేయాలి.

ఎక్కువసార్లు పరాగం అందకే రాలతాయి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకి మిద్దెల మీదికి తేనెటీగలు రావు. సన్నని కాడ ఉన్న మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, వెనక పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు పిందెలకు సరిపోతుంది.