షిప్‌యార్డులో వెల్డర్ కావాలనుకునే పిల్లలకు

పిల్లలూ,

పదో తరగతి అయ్యాక షిప్‌యార్డులోకో, నేవల్ డాక్‌యార్డులోకో ఎలా వెళ్లాలని మీలో చాలామంది అడుగుతుంటారు. దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఐటీఐలో ట్రేడు పూర్తి చేయాలి, అప్రెంటిస్‌గా చేరాలి, అది ముగిశాక పరీక్ష పాసై జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడులకు రెండేళ్లు, పది పాసవ్వాలి. వెల్డర్‌కు ఏడాదే, ఎనిమిది పాసైతే చాలు. ఏడాదిలో అయిపోతుంది కదా, తేలికే అనుకుని వెల్డింగ్ తీసుకునేవాళ్లు ఎక్కువ. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

విశాఖలో 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డే ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డు. 1948లో జల ఉష అనే ఓడ అక్కడే నీళ్లలోకి దిగింది. 2010లో యార్డు రక్షణ శాఖ కిందికి వచ్చింది. ఊళ్లో జనం మాత్రం ఆ చోటును ఇప్పటికీ సింధియా అనే అంటారు. పేరు ఏదైనా, కట్టేది సరుకు ఓడైనా, యుద్ధనౌకైనా, మీ చేతికి ముందు ఇచ్చేది ఒక టెస్ట్ ప్లేటు.

అంటే 10 లేదా 12 మి.మీ. మందం ఉన్న రెండు ఇనుప ముక్కలు. ఒక్కోదాని అంచును 30 డిగ్రీలు వాలుగా కోస్తారు, జత చేస్తే 60 డిగ్రీల 'వి' ఆకారం వస్తుంది. అంచు మొన పదునుగా మిగలకుండా ఒకటిన్నర మి.మీ. మందం వచ్చేదాకా గ్రైండ్ చేయాలి, లేకపోతే ఆర్క్, అంటే రాడ్డు కొసన పుట్టే కరెంటు మంట, తగలగానే కరిగి జారిపోతుంది. రెండు ముక్కల మధ్య గ్యాప్ సుమారు 3 మి.మీ. అంచులకు అటూ ఇటూ ఒక అంగుళం మేర తుప్పు, పెయింటు, నూనె లేకుండా తెల్లగా మెరిసేలా శుభ్రం చేయాలి. ట్యాక్, అంటే ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకులు, వేసేటప్పుడు ప్లేట్లను రెండు మూడు డిగ్రీలు వెనక్కి వంచి పెట్టండి. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని, ఆ వంపును తనే సరిచేస్తుంది.

ఫ్లాట్‌గా పెట్టి వేయడం ఎవరికైనా వస్తుంది. యార్డులో అడిగేది 3జి, అంటే నిలబెట్టిన ప్లేటు మీద కింది నుంచి పైకి, ఇంకా 4జి, అంటే తలపైన. రూట్ రన్నుకు, అంటే అడుగున వేసే మొదటి వరసకు, 2.5 మి.మీ. 7018 రకం వెల్డింగ్ రాడ్డు, దాన్ని పట్టే హోల్డర్ పాజిటివ్‌కు, కరెంటు 70 నుంచి 85 ఆంపియర్లు. ఆర్క్‌ను వీలైనంత దగ్గరగా పట్టాలి. రాడ్డు ముందు చిన్న కన్నం తెరుచుకుంటూ పోతుంది. దాన్ని రాడ్డు కన్నా కాస్త పెద్దగా ఉంచగలిగితే వెనక వైపు మెటల్ చక్కగా దిగుతుంది. కన్నం మూసుకుపోతే వెనక కలవలేదన్నమాట. మరీ పెద్దదైతే మెటల్ కారి వేలాడుతుంది. పైన బీడు, అంటే వెల్డు గీత, ఎంత అందంగా వచ్చినా మురిసిపోకండి, ఇన్‌స్పెక్టర్ ముందు ప్లేటు తిప్పి వెనకే చూస్తాడు.

రాడ్డు మార్చే చోట తప్పులు ఎక్కువ. ఆపిన చోట గుంటను గ్రైండ్ చేసి వాలుగా పల్చబరచి, కాస్త ముందు ఆర్క్ కొట్టి, వెనక్కి తెచ్చి కలపండి. 7018కు మొదలుపెట్టే చోట గాలి బుడగలు పడే గుణం ఉంది, అలా చేస్తే వాటి మీదుగా మళ్లీ ఆర్క్ వెళ్లి కరిగిస్తుంది. ప్రతి రన్నుకీ స్లాగ్, అంటే రాడ్డు పూత కరిగి పైన గట్టిపడే పెంకు, పూర్తిగా తీయాలి. బీడుకూ గోడకూ మధ్య సందులో మిగిలిన స్లాగ్ ఎక్స్‌రేలో గీతలా పట్టుబడుతుంది. కరెంటు ఎక్కువైతే అంచు తినేసి గాడి పడుతుంది, దాన్నే అండర్‌కట్ అంటారు. ఆఖరున ప్లేటులోంచి పట్టీలు కోసి 180 డిగ్రీలు వంచుతారు. దాచిన తప్పు ఏదైనా అక్కడ నోరు తెరుస్తుంది.

చేతి పనితనం ఉన్నవాడిని కూడా ముంచేది తేమ. విశాఖ సముద్రపు గాలిలో విప్పిపెట్టిన 7018 పెట్టె సాయంత్రానికి పనికిరాదు. రాడ్డు పూతలోని తడి ఆర్క్‌లో విడిపోయి హైడ్రోజన్ అవుతుంది, అది వేడి స్టీలులోకి దూరుతుంది. చల్లారాక వెల్డు పక్కన గట్టిపడిన భాగంలో పోగుపడి, కొన్ని గంటలకో, రెండు రోజులకో లోపల పగులు తెస్తుంది. అప్పటికి మీరు ఇంటికెళ్లి నిద్రపోతుంటారు. బలమైన స్టీల్స్‌కు తుది తనిఖీ 48 గంటలు ఆగి చేసేది అందుకే. రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఆరబెట్టి, తర్వాత వేడి ఓవెన్‌లో ఉంచి, అప్పటికి సరిపడా కొన్నే చేతి ఓవెన్‌లో తీసుకెళ్లాలి. మామూలు 7018 బయట నాలుగు గంటలు దాటితే తిరిగి ఇచ్చేయండి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల తయారుచేసిన డీఎంఆర్ 249ఏ లాంటి స్టీలు మీద ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. 2022లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విక్రాంత్‌ను కొచ్చిలో ఆ స్టీలుతోనే కట్టారు. అలాంటి ప్లేటు మీద రాడ్డు, కరెంటు, ప్రీహీట్ (వెల్డుకు ముందు ప్లేటును వేడిచేయడం) అన్నీ ప్రొసీజర్ షీటులో రాసినట్టే ఉండాలి. మీ అలవాటుకు అక్కడ చోటు లేదు.

యార్డులోకి వెళ్లాక ఇంకో విషయం తెలుస్తుంది: ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా పనిలో భాగమే. ఒక పక్క నుంచి వరసగా కాల్చుకుంటూ పోతే ప్లేటు అలలు తిరుగుతుంది. ముందు అడ్డ జాయింట్లు, తర్వాత పొడవునా సాగే సీములు, మధ్య నుంచి బయటికి. ఫోర్‌మన్ గీసిన వరస మార్చకండి.

ట్యాంకు లోపలి పని వేరు. ఆక్సిజన్ 19.5 శాతానికి తక్కువుంటే కాలు పెట్టకూడదు, మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. వెల్డింగ్‌లో వాడే ఆర్గాన్ వాయువు గాలికన్నా బరువు, వాసన లేదు, అడుగున నిలబడిపోతుంది. ఆక్సిజన్ లీకైనా అంతే ప్రమాదం, ఒంటిమీది గుడ్డ నిప్పురవ్వకే భగ్గుమంటుంది. భోజనానికి వెళ్లేటప్పుడు గ్యాస్ టార్చీ వాల్వు కట్టేస్తే చాలదు. హోసు పైపులు ట్యాంకులోంచి బయటికి లాగి, సిలిండర్ దగ్గర వాల్వు మూసి వెళ్లండి.