హెడ్ మైకులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరుల్లో నాటకాలకు, కూచిపూడి ప్రదర్శనలకు, శిక్షణ తరగతులకు మైకు సెట్టు వేస్తుంటాను. ఇప్పుడు అందరూ అడిగేది చెవికి తగిలించుకునే వైర్‌లెస్ హెడ్ మైకే. చేతులు ఖాళీగా ఉంటాయి, ఎటు తిరిగినా గొంతు వెంట వస్తుంది. కానీ దాని గురించి వినే మాటల్లో సగం తప్పులే.

అపోహ: మైకు సరిగ్గా నోటి ముందు ఉండాలి.

ముందు పెడితే ఊపిరి నేరుగా తగులుతుంది. ప, ఫ, భ పలికినప్పుడల్లా స్పీకర్ బాక్సుల్లో ఢబ్బుమంటుంది. పద్య నాటకంలో ఒత్తు అక్షరాలు అడుగడుగునా వస్తాయి కదా. మైకు తల పెదవుల చివరకు కొంచెం వెనగ్గా, చెంపకు తగలకుండా చిటికెన వేలంత ఎడంలో ఉండాలి. అలా పెట్టాక జరగకుండా చెంప మీద, చెవి వెనక చిన్న టేపు ముక్కలు వేస్తాను.

ఇంత పట్టుదల ఎందుకంటే, నోటి నుంచి దూరం రెట్టింపైతే మైకుకు అందే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది జారి 6 సెంటీమీటర్లకు పోయిందంటే ఆ తగ్గుదల పూడ్చడానికి నేను ఫేడర్, అంటే మిక్సర్ మీద శబ్దం పెంచే మీట, ఎత్తాలి. ఎత్తితే బాక్సుల శబ్దం మళ్లీ మైకులోకి దూరి కూత మొదలవుతుంది. జనం మైకు బాగోలేదంటారు. దాన్ని మళ్లీ నోటి పక్కకు తెచ్చి ఫేడర్ దించితే చాలు, కూత ఆగిపోతుంది.

అపోహ: ఖరీదైన మైకైతే కూత రాదు.

బాక్సుల ముందుకొచ్చి నిలబడితే ఏ మైకైనా కూస్తుంది. బాక్సులు స్టేజీ అంచుకు ముందుండాలి, మనిషి వాటి వెనక ఉండాలి.

అపోహ: మధ్యలో గొంతు మూగబోతే మైకు పోయినట్టే.

మా ఊళ్ల ఎండల్లో ఇది తరచూ చూస్తాను. ఒకసారి గుంటూరులో కృష్ణుడి వేషం వేసిన పెద్దాయన రాగం ఎత్తుకున్నారు. రెండో పాదానికల్లా గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టయింది. సీను అవగానే పక్కకు పిలిచి చూస్తే, మైకు తల మీది సన్నటి జల్లెడలో ఒకే ఒక చెమట బొట్టు. మూత ఊడదీసి, తుడిచి, పొడి మూత తగిలించాను. తర్వాతి పద్యం ఖంగుమని వినిపించింది. కిరీటం కింద నుంచి కారే చెమట మైకును పట్టి ఉంచే సన్నటి కాడ వెంబడే మైకు దాకా వస్తుంది. అందుకే మైకు తలకు అంగుళం ఇవతల కాడ మీద దారంతో చిన్న ముడి వేస్తాను, బొట్టు అక్కడే ఆగి కింద పడుతుంది. విడి మూతలు ఎప్పుడూ జేబులో ఉంటాయి.

అపోహ: పెట్టె మీద 100 మీటర్లని రాశారు, ఎక్కడ నిలబడినా పని చేస్తుంది.

ఆ లెక్క అడ్డంకులు లేని మైదానానిది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే, అది సిగ్నల్‌ను మింగేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో నడిచే సెట్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, హాల్లోని ఫోన్ల వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే తిరుగుతుంటాయి. మైకు సిగ్నల్ అందుకునే రిసీవర్‌ను ఎల్‌ఈడీ వాల్ వెనక దాచొద్దు. కళాకారుడు కనిపించేలా, స్టేజీ పక్కన ఎత్తులో పెట్టాలి.

కూచిపూడి కలాపంలో నర్తకి తానే మాట్లాడాలి కాబట్టి ఇక్కడ ఇంకో చిక్కుంది. నడుముకు ట్రాన్స్‌మిటర్, అంటే గొంతును రిసీవర్‌కు పంపే చిన్న పెట్టె, కట్టి, దాని మీదుగా వడ్డాణం బిగిస్తారు. యాంటెన్నా లోహం కింద నలిగిపోతుంది, మాట తెగుతూ వస్తుంది. "అమ్మా, పెట్టె కొంచెం పైకి కట్టుకో, ఆ తోక వడ్డాణానికి తగలకూడదు" అని ప్రతి అమ్మాయికీ చెబుతాను.

అపోహ: "హలో, హలో" అంటే టెస్టింగ్ అయిపోయినట్టే.

మెల్లగా హలో అని వెళ్లిపోతారు. తీరా ఆటలో గొంతెత్తేసరికి ట్రాన్స్‌మిటర్‌లోనే శబ్దం చీలిపోతుంది. అక్కడ చీలింది మిక్సర్‌లో బాగుపడదు. అందుకే కిరీటం, గడ్డం అన్నీ పెట్టుకున్నాక రమ్మంటాను. కొత్త పెన్సిల్ సెల్లు వేసి, "మీరు అన్నిటికన్నా పైస్థాయిలో అందుకునే పాదం ఒక్కటి పాడండి సార్" అని అడుగుతాను. గెయిన్, అంటే ట్రాన్స్‌మిటర్ గొంతును ఎంత పెంచి తీసుకోవాలన్న అమరిక, అప్పుడు పెడతాను.