పాత కోనేళ్లు, దిగుడు బావులు: అపోహలు - వాస్తవాలు

గుడి కోనేళ్లు, మెట్ల బావుల మరమ్మతు నా పని. వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఇవే మాటలు వినిపిస్తాయి, అందుకే ఒక్కచోట రాస్తున్నా.

అపోహ: పెద్ద మోటార్లు, జేసీబీ పెడితే రెండు రోజుల్లో బాగైపోతుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే మాట ఇది. ఏళ్లుగా నిండి ఉన్న బావిలో మెట్ల వెనక మట్టి నీళ్లు పీల్చుకొని బరువెక్కి ఉంటుంది, ఇటువైపు నుంచి గోడను ఆపేది లోపలున్న నీళ్లే. ఒక్కసారిగా తోడేస్తే ఈ ఆసరా పోతుంది, వెనక తడి మాత్రం అలాగే ఉంటుంది, దాంతో రాతి గోడ లోపలికి ఒరిగిపోతుంది. కొంత తోడాలి, ఆగాలి, గోడలు చూసుకొని మళ్లీ తోడాలి. అడుగు పూడిక మనుషులతోనే తీయించాలి, ఎందుకంటే అందులో జారిన మెట్టు రాయి ఉండొచ్చు, విరిగిన శిల్పం ఉండొచ్చు, జేసీబీ పళ్లకు ఆ తేడా తెలియదు. లోపల గాలి సరిగ్గా ఉందో లేదో చూడకుండా మాత్రం ఎవర్నీ దింపొద్దు, ప్రాణాలు పోతాయి.

అపోహ: సిమెంట్ పూస్తే ఇక ఢోకా లేదు.

వాస్తవం: పాత గోడలోని తడి సందుల్లోంచి బయటికి పోవాలి. సిమెంట్ ఆ దారి మూసేస్తే లోపల ఉప్పు పేరుకొని రాయి పెచ్చులు లేస్తుంది. సున్నం వాడిన చోట గానుగ సున్నమే (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) వాడండి. రాయి మీద రాయి ఊరికే పేర్చి కట్టిన చోట అదీ వద్దు.

అపోహ: గోడలో కనిపించే రంధ్రం సొరంగం, నేరుగా కోటలోకి పోతుంది, లోపల లంకెబిందెలున్నాయి.

వాస్తవం: నేను చూసినవి నీటి తూములు, దీపపు గూళ్లు, రాయి ఊడిపోయిన చోట్లు. గుప్తనిధుల పేరుతో మెట్లు పెకిలించిన బావులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: పాత దేవుడి పటాలు కోనేట్లో వేస్తే పుణ్యం.

వాస్తవం: అద్దాలు, ప్లాస్టిక్ కవర్లు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహాలు అడుగున చేరి ఊటను మూసేస్తాయి. దేవుడి నీళ్లని దండం పెట్టే మనమే ఆ పని చేస్తున్నాం.

అపోహ: ఎండిపోయింది కదా, పూడ్చేసి షాపులు కడదాం.

వాస్తవం: ఎండిన బావి చచ్చిన బావి కాదు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో నిండిపోయింది, దాన్ని శుభ్రం చేసి 2022లో మళ్లీ తెరిచారు. మన వరంగల్ శివనగర్ మెట్ల బావినీ బాగు చేశారు, చూడకపోతే ఒకసారి వెళ్లి చూడండి. ధర్మపురి కోనేట్లో స్వామికి ఇప్పటికీ తెప్పోత్సవం జరుగుతుంది, అలా వాడుకలో ఉన్న నీటిని ఊరే కాపాడుకుంటుంది. మీ ఊరి బావికి రంగులు, లైట్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు అందులోకి వచ్చే మురుగు కాలువను మళ్లించండి, గుడి కప్పు మీది వాననీటిని వడగట్టి అందులోకి పంపండి. ఏ రాయినైనా కదిపే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఏ రాయి ఎక్కడిదో నంబర్ వేసి పెట్టుకోండి.