బంగారు ఆపిల్ చెట్టు కింద కాపలా పాము

చిట్టీ, బాబీ,

మొన్న ఫోన్‌లో మీ ఇద్దరిదీ ఒకటే గొడవ. వంద తలల పాము విలన్ అని బాబీ, కాదు పాపం అని చిట్టి. నా మాట ఎవరూ వినలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

దాని పేరు లాడన్. గ్రీకుల దేవతారాణి హీరా పెళ్లికి భూదేవి గయా బంగారు ఆపిల్స్ కానుకగా ఇచ్చిందట. ఆ చెట్టును లోకానికి పడమటి కొసన ఒక తోటలో పెంచారు. తోట చూసుకునేవాళ్లు హెస్పెరిడెస్ అనే అక్కచెల్లెళ్లు. అయితే ఆకాశాన్ని మోసే అట్లస్ కూతుళ్లు చాటుగా పళ్లు కోసేస్తుంటే, హీరాకు ఒళ్లు మండి పామును కాపలా పెట్టిందని ఒక పాత కథ. (మన దొడ్లో జామచెట్టు గుర్తొచ్చిందా? నాకైతే వచ్చింది.)

క్రీ.పూ. 700 ప్రాంతంలో హెసియోడ్ రాసిన కావ్యంలో ఈ పాముకి పేరు కూడా లేదు, భయంకరమైన పాము అంతే. వంద తలలూ, రకరకాల గొంతులూ తర్వాతి రచయిత అపొల్లోడోరస్ దగ్గర కనిపిస్తాయి. పాత గ్రీకు కుండల మీది బొమ్మల్లో చాలావాటిలో చెట్టుకు చుట్టుకుని ఒక్క తలతోనే ఉంటుంది. కాబట్టి బాబీ, నీ వంద తలల్లో తొంభై తొమ్మిది తగ్గించుకో.

ఆ పళ్లు తేవడం హెరాకిల్స్ (హెర్క్యులిస్) అనే వీరుడికి అప్పగించిన పనుల్లో ఒకటి. ఒక కథలో అట్లస్ బదులు అతను ఆకాశాన్ని భుజాన మోస్తూ నిలబడితే అట్లస్ వెళ్లి తెచ్చాడు, పాము జోలికి ఎవరూ పోలేదు. ఇంకో కథలో హెరాకిల్సే పామును చంపాడు. ఆఖరికి ఆ పళ్లు వేరేచోట ఉండకూడదని ఎథీనా దేవత మళ్లీ తోటకే చేర్చిందట. మరి పాము ప్రాణం ఎందుకు పోయినట్టు?

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అపొల్లోనియస్ రాసిన కావ్యంలో ఒక చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను. దాహంతో అల్లాడుతూ జేసన్ అనే వీరుడి బృందం ఆ తోటకు చేరేసరికి హెరాకిల్స్ వచ్చి వెళ్లి ఒక్క రోజే అయింది. లాడన్ చెట్టు మొదట్లో పడి ఉంది. తోక కొస మాత్రం ఇంకా కదులుతోంది. హెరాకిల్స్ బాణాలకు హైడ్రా అనే చాలా తలల పాము విషం పూసి ఉంది కదా, గాయాల మీద వాలిన ఈగలు అక్కడే ఎండిపోతున్నాయి. పక్కన అక్కచెల్లెళ్లు ఏడుస్తున్నారు. నిన్న ఒక సిగ్గులేని మనిషి వచ్చాడని తిడుతుంది వాళ్లలో ఒకామె. మనం వీరుడనే మనిషి వాళ్లకు దొంగ.

1892లో ఫ్రెడరిక్ లైటన్ వేసిన గుండ్రటి చిత్రంలో ఆ అక్కచెల్లెళ్లకీ పాముకీ ఉన్న స్నేహమే ఉంది. పాము ఒక అమ్మాయిని చుట్టుకుని ఉంటే, ఆమె హాయిగా చెట్టుకు ఆనుకుని కూర్చుంది. పిల్లల రచయిత రిక్ రియార్డన్ 2007 నవలలో తోటను అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి కొండ మీదికి తెచ్చాడు. అక్కడ లాడన్‌కి ఒకప్పుడు తన చేత్తో తిండి పెట్టిన జోయీనే (ఆ అక్కచెల్లెళ్లలో ఒకతె) దాని కాటు తగిలి చనిపోతుంది. నాకు నచ్చిన మార్పు అది. ఉత్త అడ్డంకిగా పెట్టి చంపించేయడం ఎవరైనా చేస్తారు.

చంపాక హీరా దాన్ని ఆకాశంలో నిలబెట్టిందట. ఆ చుక్కల గుంపును ఇంగ్లీషులో డ్రాకో అంటారు. వేసవి సెలవుల్లో రాత్రి పది గంటలకు డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. సప్తర్షి మండలంలో అరుంధతి పక్కనున్న వశిష్ఠుడికీ, ధ్రువుడి గుంపులోనే ఉన్న కొచాబ్ అనే మెరిసే చుక్కకీ దాదాపు మధ్యలో మసకగా ఒక చుక్క తగులుతుంది. అది పాము తోకలోని థూబన్. సుమారు 4,800 ఏళ్ల కిందట ధ్రువ నక్షత్రం అదే. తల మాత్రం తూర్పు వైపు, అభిజిత్తు దగ్గర నాలుగు చుక్కలుగా ఉంటుంది. లైట్లు ఆర్పితేనే కనబడేది, మీ నాన్నతో చెప్పండి.

మీ
అమ్మమ్మ