సీపీయూ తక్కువుంటే డేటాబేస్ బాగున్నట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: సీపీయూ పదిహేను శాతం కూడా లేదు, కాబట్టి సమస్య డేటాబేస్‌ది కాదు.

ఈ మాట వినని నెల ఉండదు నాకు. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసేది కూడా ఇదే. ఒకరు మారుస్తున్న డేటాని ఇంకొకరు మార్చకుండా డేటాబేస్ వేసే తాళమే లాక్. ఆ లాక్ కోసం ఆగిన సెషన్, అంటే డేటాబేస్‌కి ఉన్న ఒక కనెక్షన్, సీపీయూ వాడదు. యూజర్లంతా ఆగిపోయారంటే గ్రాఫులో సీపీయూ గీత ఇంకా కిందికి దిగుతుంది, పైకి లేవదు.

ఒకచోట ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. పేజీ తిరుగుతూనే ఉంది, రసీదు రావట్లేదు. నన్ను పిలిచేలోపే సర్వర్ సైజు రెట్టింపు చేసేశారు, అయినా మార్పు లేదు. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందులో ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరిస్తే సెషన్లన్నీ ‘యాక్టివ్’ అనే ఉన్నాయి. అది చూసి పని జరుగుతోంది అనుకున్నారు పాపం. పక్కనే, సెషన్ దేనికోసం ఆగిందో చెప్పే వెయిట్ ఈవెంట్ టైప్ అనే కాలమ్‌లో వరసగా ‘లాక్’ అని ఉంది. పీజీ బ్లాకింగ్ పిడ్స్ అనే ఫంక్షన్‌తో ఎవరిని ఎవరు ఆపుతున్నారో పట్టుకుంటూ పోతే చివరికి ఒకే సెషన్ తేలింది: ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’, అంటే మొదలుపెట్టిన పని ముగించకుండా ఖాళీగా కూర్చున్నది. రసీదు నంబర్లు ఇచ్చే టేబుల్‌లో ఉన్న ఒకే ఒక్క రోను ఎవరో చేత్తో అప్‌డేట్ చేసి, కమిట్ కొట్టకుండా (మార్పు ఖాయం చేయకుండా) లేచి వెళ్లారు. ఆ సెషన్‌ని తీసేయగానే రసీదులు రావడం మొదలైంది.

వాస్తవం: సీపీయూ, మెమరీ గ్రాఫులు సర్వర్ సంగతి చెబుతాయి. క్వెరీ, అంటే డేటాబేస్‌కి అప్పజెప్పిన పని, దేనికోసం ఆగిందో వెయిట్ ఈవెంట్లే చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇవి 2016లో వచ్చిన 9.6 నుంచీ ఉన్నాయి. అలా ఖాళీగా కూర్చున్న సెషన్‌ని గడువు దాటగానే తెంచేసే ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ టైమవుట్ కూడా అప్పుడే వచ్చింది, కానీ డిఫాల్ట్‌గా అది సున్నా, అంటే ఆఫ్. ఈరోజే మీ సర్వర్‌లో ఎంతుందో చూడండి.

అపోహ: స్లో క్వెరీ లాగ్ ఖాళీగా ఉంది, అంతా బాగానే ఉంది.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో, ఎక్కువసేపు పట్టిన క్వెరీలని రాసిపెట్టే ఆ లాగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉండదు. ఆన్ చేసినా హద్దు 10 సెకన్లు. మూడు మిల్లీసెకన్ల క్వెరీ రోజంతా లక్షలసార్లు నడిచి సర్వర్‌ని పిండేస్తున్నా అందులోకి రాదు. విడి సమయం కాదు, మొత్తం సమయం చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఏ క్వెరీ ఎన్నిసార్లు, ఎంతసేపు నడిచిందో లెక్కగట్టే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌ని టోటల్ ఎగ్జిక్ టైమ్ ప్రకారం సార్ట్ చేస్తే దొంగ పైనే కనిపిస్తాడు.

అపోహ: ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ కొన్నాం, ఏడబ్ల్యూఆర్ (డేటాబేస్ పనితీరు రిపోర్టులిచ్చేది) ఉచితమే.

కాదు. ఏడబ్ల్యూఆర్ ఉండే డయాగ్నస్టిక్స్ ప్యాక్‌కి విడిగా లైసెన్స్ కావాలి. లేకపోతే స్టాట్స్‌ప్యాక్ వాడండి.

క్యాష్ హిట్ రేషియో, అంటే డిస్క్ దాకా పోకుండా మెమరీలోనే దొరికిన డేటా వాటా, 99 శాతం ఉంటే చాలన్నది పాత పుకారు. చెత్త క్వెరీ అవే బ్లాకుల్ని మళ్లీ మళ్లీ మెమరీలోంచి చదివినా ఆ అంకె మెరుస్తూనే ఉంటుంది.

అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఒంటరిగా కూర్చున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. అటు మేనేజరు, ఇటు కస్టమరు ‘రీస్టార్ట్ కొట్టేయ్’ అని తొందరపెడుతుంటే చేతులు వణుకుతాయి, నాకు తెలుసు. రీస్టార్ట్ చేస్తే ఆ క్షణంలో ఎవరు ఎవర్ని ఆపారో చెప్పే ఆధారం పోతుంది. ముందు పీజీ స్టాట్ యాక్టివిటీ మొత్తం ఒక ఫైల్‌లోకి తీసుకోండి. అరనిమిషం పని. తర్వాత రీస్టార్ట్ చేసుకోవచ్చు.